నూరు శాతం

కొత్త ల్యాప్‌టాప్ తెరిచిన రోజు
మా లెక్కలన్నీ చీమలబారైపోయాయి.

అంబాజీపేట, మార్కెట్టు వెనక సందు,
వలిచి పోసిన పీచు మీద మధ్యాహ్నపు ఎండ.
అబ్బులు గారు అట్టపెట్టె విప్పి
"కాకినాడ నుంచి తెప్పించానండి,
అద్దంలో దగ్గర దగ్గర కోటి చుక్కలంట" అన్నారు.
కోటి చుక్కలుంటే నాకేం లాభం,
"బస్తా" అన్న మాట ఆవగింజంత,
"బాకీ" అన్న మాట కనపడనే కనపడదు.
బాకీ ఉన్నవాళ్లకి మాత్రం సుఖమే.

ప్రోగ్రాము పాతది.
ఇరవై రెండేళ్ల కిందట తణుకు నుంచి ఒక కుర్రాడు
చొక్కా జేబులో రెండు ఫ్లాపీలతో లూనా దిగి
మూడు రోజులు ఈ బల్ల దగ్గరే కూర్చుని
కురిడీకి ఒక గడి, గండేరాకి ఒకటి, గటగటకి ఒకటి,
పాత ముక్కుడు కాయకి వేరే రంగు గడి కట్టిచ్చాడు.
అప్పట్లో అంగుళమంటే తొంభై ఆరు చుక్కలు.
ఆ లెక్క దాని పొట్టలో పెట్టి కుట్టేసి వెళ్లిపోయాడు.

ప్రభుదాసు వచ్చి చూశాడు.
"దీనికి లోకం పెరిగిందని తెలీదండి మాణిక్యాంబ గారూ.
అందుకని సిస్టమ్ ఒక అబద్ధం ఆడుతుంది,
నీ తెర చిన్నదే, ఎప్పట్లాగే గీసుకో అంటుంది.
ఇది నమ్మి గీస్తుంది.
గీసినదాన్ని ఆ పైవాడు పట్టుకుని
తడిపంచె ఆరేసినట్టు రెండు వైపులా లాగుతాడు."

అదీ ఆ మసక.
వరదనీళ్లు చెంబుతో ముంచి
తేటపడేదాకా కూర్చున్నట్టు
ఎనిమిదో మూడో తేలేదాకా ఆగాలి.

"పోనీ అబద్ధం ఆపేయ్ బాబూ" అన్నాను.
ఆపేశాడు. అక్షరాలు కత్తిలా వచ్చాయి.
పెరిగినవి అక్షరాలే, గడులు పెరగలేదు.
"గుత్తుల సత్తె" దగ్గర పేరు తెగిపోయింది.
సత్తెమ్మా, సత్తెయ్యా?
పదమూడు వేలు ఎవరి చేతిలో పెట్టను?
సేవ్ బొత్తం తెర అడుక్కి జారి
నడుం దాకా మునిగి నిలబడింది.

కొత్త ప్రోగ్రాములు గుమ్మంలోనే అడుగుతాయట,
ఇక్కడ అంగుళమెంతండీ అని.
దీనికి అడగడం ఎవరూ నేర్పలేదు.

"నూరు శాతమంటే నూరే కదా?"
"ఏ తెరకి ఆ నూరేనండి, ఆయ్."

నవ్వొచ్చింది.
మా కొట్లో వంద కాయలంటే నూట నాలుగు,
జతలు జతలుగా ఎంచి చివర రెండు జతలు కొసరు.
మా నాన్నకి కుంచమంటే పది సెంట్ల నేల,
మా అమ్మకి అదే కుంచం వడ్లు కొలిచే ఇత్తడి.
ఇద్దరూ ఒకే ఇంట్లో నలభై ఏళ్లు
ఎవరి కుంచం వాళ్లు కొలుచుకున్నారు.
నూరు మీద నాకెప్పుడూ పెద్ద నమ్మకం లేదు.

రెండొందల యాభై మీద పెట్టినప్పుడు
ఎప్పుడూ తెరవని చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది.
"రూపకల్పన: జి. భీమశంకరం, తణుకు."
కింద ఆరంకెల ఫోన్ నంబరు.
ఇన్నేళ్లలో మొదటిసారి చదివాను.
చేస్తే, ఆ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు.
లేకపోవచ్చు.
అతను కట్టిన గడుల్లో మాత్రం
ఇవాళ్టిదాకా పైసా తేడా రాలేదు.

ఆఖరికి పాత మానిటర్ తుడిచి
ల్యాప్‌టాప్ పక్కన తగిలించాడు ప్రభుదాసు.
కిటికీని మౌసుతో పట్టుకుని
ఈ తెర నుంచి ఆ తెరకి ఈడ్చాను.
నడిమధ్యలో ఒక్క క్షణం
ముందుభాగం ఏనుగంత, వెనకభాగం పిల్లంత.
రేవుకి ఆనిన పంటులా ఒక కుదుపు,
తర్వాత సర్దుకుంది.

బయట లారీకి తాడు బిగిస్తున్నారు.
గటగట ఆరు వేలు, సత్తెమ్మ, చెల్లింపు నగదు.
కొత్త తెర మీద అబ్బులు గారు వానెప్పుడో చూసుకుంటున్నారు.

కళ్లజోడు కూడా మార్పించాలి,
అది వేరే లెక్క.